మిర్చి రైతు చూసే వెబ్‌సైటు

చిరంజీవి మేనకోడలికి,

నువ్వు పంపిన వెబ్‌సైటు నమూనా చూశాను. అందంగా ఉంది, మీ ఆఫీసులో మెచ్చుకునే ఉంటారు. కానీ గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే రైతు కోసం అన్నావు కదా, ఆయనకు ఇది అక్కరకు రాదు.

తెరవగానే కదిలే బొమ్మలు, తర్వాత ‘మా గురించి’, ధరలేమో ఎక్కడో అడుగున. ఆయన వచ్చిందే ధర కోసం. తేదీ, రకం, క్వింటాకు కనిష్ఠం, గరిష్ఠం మొదటే కనపడాలి. ‘ఎండు మిర్చి’ అని ఒక్క మాటతో తేల్చెయ్యకు. తేజ వేరు, 334 వేరు, బాడిగ వేరు, రంగు పోయిన తాలు కాయలు వేరు. అందులోనూ కోల్డ్ స్టోరేజీ నుంచి తీసింది ఏసీ సరుకు, కళ్లం నుంచి నేరుగా వచ్చింది నాన్ ఏసీ. ఈ తేడా చూపని పట్టికను ఏ రైతూ రెండోసారి తెరవడు.

ఇక అక్షరాలు. ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీయే తెలుగు వరుసల మధ్యా ఉంచావు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి. వరుస ఎత్తు అక్షర పరిమాణానికి 1.6 రెట్లయినా ఉంచు. బోల్డ్ శీర్షికలకే ఉంచు, చిన్న అక్షరాల్లో లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఆ లేత బూడిద రంగు తీసెయ్యి. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి; యార్డు ఎండలో అదీ చాలదు, తెలుపు మీద నలుపే నయం. ముచ్చటపడి ౧, ౨ అని పెట్టిన తెలుగు అంకెలు మార్చు. వాటిని తడుముకోకుండా చదివేవాళ్లు ఇప్పుడు ఎందరని?

ఉన్నవే కొద్ది రకాలు, వెతుకుడు పెట్టె దేనికి? ఒక్కో రకానికి వేలు పట్టేంత బటన్ పెట్టు. ధరల పట్టికను మాత్రం ఫొటోగా పెట్టకు. పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపు లేనివారికి ఫోను దాన్ని సరిగా చదివి వినిపించలేదు.

అంతా అయ్యాక ఒక రైతు చేతికి ఫోనిచ్చి, ‘ఈవేళ తేజ ఎంత?’ అని అడిగి ఊరుకో. ఎక్కడ నొక్కాలో చెప్పావా, ఆ పరీక్ష దండగే.

శని, ఆదివారాలు యార్డుకు సెలవు. ఆ రెండు రోజులూ గడులు ఖాళీగా వదలకు, సైటు చెడిందనుకుంటారు. శుక్రవారం ధరే ఉంచి, పక్కన ‘శుక్రవారం’ అని రాయి.

ఆశీస్సులతో,
మామయ్య