సొంత మూలకణాలు ఒక్కరోజులో ఎందుకు చాలవు?

"నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చాం, నాన్నగారికి మైలోమా (మజ్జలో వచ్చే ఒక రక్త క్యాన్సర్). మార్పిడి కోసం ఆయన సొంత మూలకణాలు తీస్తే మొదటిరోజు చాలలేదన్నారు, ఎందుకు?" అని ఒకరు అడిగారు.

రక్తకణాలను పుట్టించే ఈ మూలకణాలు మామూలుగా ఎముక మజ్జలోనే ఉంటాయండీ, రక్తంలోకి పెద్దగా రావు. నాలుగైదు రోజులు జీసీఎస్ఎఫ్ అనే, మజ్జను ప్రేరేపించే మందు ఇంజెక్షన్లిచ్చి బయటికి రప్పిస్తారు. కిలో బరువుకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (ఆ గుర్తుతో లెక్కించే మూలకణాలు) కావాలి. పెద్ద వయసు, రేడియేషన్, ముఖ్యంగా నెలల తరబడి వాడిన లెనాలిడోమైడ్ అనే మైలోమా మందు వల్ల మజ్జ మొండికేస్తుంది. అప్పుడు మళ్లీ సేకరించే ముందురోజు రాత్రి, మూలకణాలను మజ్జ నుంచి విడిపించే ప్లెరిక్సాఫర్ ఇంజెక్షన్ ఇస్తారు. బాగానే పనిచేస్తుంది, ధర వింటేనే గుండె గుభేలుమంటుంది. మర్నాడు మళ్లీ, రక్తంలోంచి మూలకణాలను వేరుచేసే మిషన్ మీద నాలుగైదు గంటలు. పెదాలు తిమ్మిరెక్కితే వెంటనే నర్సుకు చెప్పమనండి; రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ కాల్షియాన్ని తగ్గిస్తుంది. రెండు మూడు రోజుల సేకరణ కలిపి లెక్కేయడం మామూలే.