కుటుంబంతో ఒక్కరోజు బయటికి: పార్కా, కొండబాటా?

మీరడిగింది ఇదీ: ఇంట్లో నలుగురు, మీరిద్దరూ, ఏడేళ్ల బాబు, అరవై నాలుగేళ్ల అమ్మగారు. వారమంతా కుర్చీలోనే గడిచిపోతోంది, ఆదివారం ఒక్కరోజైనా చెట్ల మధ్య గడపాలని ఉంది. పార్కుకు వెళ్లాలా, దగ్గర్లో ఉన్న కొండబాటకు వెళ్లాలా? ఆన్‌లైన్‌లో ‘9 కిలోమీటర్లు, ఈజీ’ అని రాసి ఉన్న ట్రెయిల్ మీకు సరిపోతుందా? ఏమేం తీసుకెళ్లాలి?

సూటిగా చెప్పాలంటే మొదటి ఆదివారం పార్కుకే వెళ్లండి. ఆ 9 కిలోమీటర్ల బాటను రెండో విడతకో మూడో విడతకో ఉంచుకోండి. అప్పుడు కూడా మొత్తం నడవాలన్న పట్టుదల వద్దు. ఎందుకంటే అదే 9 అంకెను నమ్మి నేను ఒకసారి బాగా ఇరుక్కున్నాను.

మా అక్క, బావ, వాళ్ల ఆరేళ్ల పాప, నేను. ‘ఈజీ’ అని రాసి ఉన్న బాటే. రోజూ పొద్దున గంటలో 5 కిలోమీటర్లు నడిచే అలవాటు నాకుంది కాబట్టి 9 కిలోమీటర్లంటే రెండు గంటలు, ఆగడానికి ఇంకో అరగంట అని లెక్క వేశాను. అంత ధీమా ఉన్నప్పుడు తొందరెందుకని మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాం. ఆ బాట 600 మీటర్ల ఎత్తు ఎక్కుతుందన్న సంగతి పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంది. చూశాను గానీ దాని అర్థం నాకు తెలియలేదు.

పైకి చేరేసరికి నాలుగుంపావు. పాప ప్రతి చీమల బారు దగ్గరా ఆగింది, అందులో దాని తప్పేమీ లేదు. దిగేటప్పుడు బావ మోకాలు పట్టేసింది. చివరి కిలోమీటరు చీకట్లోనే, నలుగురికీ కలిపి ఒక్క ఫోను, అందులో తొమ్మిది శాతం చార్జింగ్. దారి చూపించడానికి బండల మీద తెల్ల పెయింటుతో బాణాలు గీసి ఉంటాయి కదా, పగలు అవి దూరం నుంచే కనిపించాయి. ఫోను లైటులో చూస్తే రాతి మీద పట్టే ఆ తెల్లటి నాచు లాంటి పొర ఉంటుంది చూడండి, దాని ప్రతి మచ్చా బాణంలాగే అనిపించింది. రెండుసార్లు అలా మచ్చను నమ్మి పక్కకు వెళ్లి వెనక్కి వచ్చాం. ప్రమాదమేమీ జరగలేదు, ఆరున్నర దాటాక కిందికి చేరాం. కానీ అక్క ఆ తర్వాత నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత తెలిసింది, ఈ లెక్క ఎప్పుడో 1892లోనే ఒకాయన కట్టిపెట్టాడని. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు. ఆయన సూత్రాన్ని ఇప్పుడు వాడే కొలతల్లో చెప్పాలంటే ప్రతి 5 కిలోమీటర్లకూ ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. మా బాటకు వేసి చూడండి: దూరానికి గంటా నలభై ఎనిమిది నిమిషాలు, ఎత్తుకు గంట, వెరసి రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. అదీ అలవాటున్న మనిషి ఎక్కడా కూర్చోకుండా నడిస్తే. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేనిప్పుడు దాన్ని నేరుగా రెట్టింపు చేస్తాను. అంటే అయిదున్నర గంటలు. మాకు పట్టింది కూడా సరిగ్గా అంతే.

కాబట్టి ఏ ట్రెయిల్ పేజీ తెరిచినా దూరం కంటే ముందు ‘ఎలివేషన్ గెయిన్’ ఎంతో చూడండి. మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో చెప్పేది అదే. ‘ఈజీ’ అన్న మాటను నేనసలు పట్టించుకోను, అది రాసినవాళ్ల కాళ్లను బట్టి ఉంటుంది.

నేను మార్చుకున్న రెండో అలవాటు దీనికంటే ముఖ్యం. బయల్దేరే ముందే వెనక్కి తిరిగే టైమ్ రాసుకుంటాం. చేతిలో ఉన్న వెలుగు గంటల్లో చీకటి పడే ముందటి రెండు గంటలను అసలు లెక్కలోకే తీసుకోను, అవి ఏదైనా తేడా వస్తే వాడుకోవడానికి. మిగిలిన దాంట్లో సగం అయ్యేసరికి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. దిగడం తేలిక కదా, సగం ఎందుకు అనకండి. అలసిన కాళ్లతో, జారే చిన్న రాళ్ల మీద, పిల్లల చెయ్యి పట్టుకుని దిగడం ఎక్కడం కంటే వేగంగా ఏమీ సాగదు. అడుగు తప్పేది కూడా ఎక్కువగా అప్పుడే.

ఆ మరుసటి ఏడాది అదే నలుగురం ఇంకో కొండకు వెళ్లాం. పొద్దున్న ఏడుకే మొదలుపెట్టాం. ఈసారి పాప ఎడమ చేతి మీద బాల్‌పెన్నుతో ‘11:30’ అని రాసి, టైమ్ చూసే పని దానికే అప్పజెప్పాం. ఆ టైమ్ అయ్యేసరికి పైన ఉన్న రాతి మంటపం కళ్లకు కనిపిస్తోంది, పావుగంట నడక కూడా ఉండదు. బావ ‘ఇంకొంచెమే కదా’ అన్నాడు. పాప ఏమీ అనకుండా చెయ్యి చాపి చూపించింది. చెమటకు సున్నా కొంచెం చెదిరింది గానీ అంకె స్పష్టంగానే ఉంది. తిరిగొచ్చేశాం. ఇప్పటికీ ఆ మంటపం ఎలా ఉంటుందో మాకు తెలియదు.

బాట ఎంచుకునేటప్పుడు ఒక తేడా గమనించండి. చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చే లూప్ బాటలు, వెళ్లిన దారినే తిరిగొచ్చే బాటలు అని రెండు రకాలు ఉంటాయి. ఫొటోలకు లూపే బాగుంటుంది, చూసిందే మళ్లీ చూడక్కర్లేదు. కానీ లూప్‌లో సగానికి చేరాక వెనక్కి తిరగడానికి అర్థమే ఉండదు, ఎటు నడిచినా అంతే దూరం. మీ నలుగురికీ వెళ్లిన దారినే వచ్చేదే మేలు. అమ్మగారు ఒక కిలోమీటరు దగ్గర చాలన్నా అక్కడే ఆ రోజు పూర్తయినట్టు. ఎవరికీ పట్టుదలలు ఉండవు.

ఇక సామాన్లు. పెద్ద బ్యాగు వద్దు. నీళ్లు మాత్రం మనిషికి గంటకు అరలీటరు చొప్పున, ఎండ గట్టిగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. లీటరంటే కిలో బరువని గుర్తుంచుకుని పంచుకోండి, బాబు బాటిల్ వాడే మోసుకుంటే వాడికీ గొప్పగా ఉంటుంది. పలచటి రెయిన్‌కోటు ఒకటి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది, చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే అంతకంటే ఎక్కువే అనిపిస్తుంది. తలకు కట్టుకునే టార్చి లైటు తప్పకుండా ఉండాలి, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేసేదైనా సరే. ఎందుకో పైన చెప్పాను.

బూట్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, అందరూ తప్పు చేసేది ఇక్కడే. కొత్త బూట్లతో వెళ్లకండి. ఇంట్లోనూ వీధిలోనూ ఒక వారం రోజులు వేసుకుని తిరిగాకే బాటకు. నూలు సాక్సు చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆ తడికి చర్మం మెత్తబడి, రాపిడికి బొబ్బలెక్కుతుంది. సింథటిక్ గానీ ఉన్ని గానీ మేలు. మడమ దగ్గర చురుక్కుమనగానే ఆగి టేపు వేసేయాలి. ‘పైకి వెళ్లాక చూద్దాం’ అనుకుంటే పైకి వెళ్లాక చూడ్డానికి బొబ్బే ఉంటుంది. దిగడం మొదలుపెట్టే ముందు ఒకసారి కూర్చుని చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టుకోండి. లేకపోతే పాదం ముందుకు జారి ప్రతి అడుగుకీ బొటనవేలు బూటు కొసకు కొట్టుకుంటుంది. నా కుడి బొటనవేలి గోరు అలాగే నల్లబడింది. అది ఊడి, కొత్తది పూర్తిగా రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ముందురోజే కాలి గోళ్లు కత్తిరించుకోమని చెప్పేది కూడా అందుకే.

ఫోను విషయం. మ్యాప్‌ను ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. అది ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది, నెట్‌వర్క్ అక్కర్లేదు. పైగా సిగ్నల్ అందని చోట ఫోను టవర్ కోసం వెతికి వెతికి చార్జింగ్ తాగేస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే చాలా ఫోన్లలో జీపీఎస్ మామూలుగానే పనిచేస్తుంది, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. ఏ బాటకు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒకరికి మెసేజ్ పెట్టి మరీ కదలండి.

బాబు మెడలో ఒక విజిల్ వేయండి. అరవడం కంటే అది దూరం వినిపిస్తుంది, గొంతూ పోదు. కొండల్లో ఆపదకు అంతర్జాతీయంగా ఒక సంకేతం ఉంది: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. విన్నవాళ్లు మూడుసార్లు ఊది బదులిస్తారు. ఏడేళ్లవాడికి ఇంత లెక్క అక్కర్లేదు. ‘మేం కనిపించకపోతే నడవకు, పక్కనున్న చెట్టు పట్టుకుని నిలబడి ఊదుతూ ఉండు’ అంటే చాలు. తప్పిపోయినవాళ్లు కదలకుండా ఉంటే వెతకడం చాలా తేలిక. పెద్దవాళ్లకూ అంతే. దారి గుర్తు కనిపించడం లేదంటే ముందుకు పోకుండా, ఆఖరుసారి ఖాయంగా చూసిన గుర్తు దగ్గరికి వెళ్లాలి.

మబ్బు పడితే మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు. ముప్పై లోపే ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు పడుతోందన్నమాట. గట్టు మీద నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి వెంటనే కిందికి వచ్చేసి, కారులో గానీ పక్కా భవనంలో గానీ కూర్చోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ బయటికి రావద్దు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు, పక్కనున్న గుంపు ఎక్కుతోంది కదా అని మనం ఎక్కకూడదు.

ఇక పార్కు. ‘పార్కే కదా’ అని మీ ప్రశ్నలో రాశారు, అది నాకు నచ్చలేదు. వారమంతా కూర్చున్న మనిషికి కావాల్సింది శిఖరం కాదు. జపాన్‌లో 1982లో అక్కడి అటవీ శాఖే ‘షిన్రిన్ యోకు’ అనే పేరు పెట్టింది. అడవి స్నానం అని అర్థం. చెట్ల మధ్య తొందర లేకుండా తిరగడం, అంతే, ఎక్కడం దిగడం ఏమీ లేదు. ఇంగ్లండులో సుమారు 20,000 మంది సమాచారంతో 2019లో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి 120 నిమిషాలు, ఆపైన పచ్చదనంలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఆరోగ్యం ఉన్నవాళ్లే బయటికి ఎక్కువ వెళ్తారేమో అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ అందులో నాకు నచ్చింది ఇంకొకటి: ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, నాలుగు ముక్కలుగా గడిపినా తేడా కనిపించలేదు. అంటే బుధవారం సాయంత్రం అరగంట కూడా లెక్కే.

పార్కులో రోజు విసుగ్గా గడవడానికి కారణం మనం దాన్ని వాకింగ్ ట్రాక్ లాగే వాడటం. నాలుగు రౌండ్లు కొట్టి వచ్చేస్తాం. పొద్దున్నే, జనం రాకముందే వెళ్లి, టైల్స్ పరిచిన దారి వదిలేసి మట్టి దారి పట్టండి. బాబుకు ఒక పని అప్పజెప్పండి: ఏడు రకాల ఆకులు, రాలినవే, కొయ్యకుండా ఏరుకురావాలి. అమ్మగారు కూర్చునే బెంచీకి ఎదురుగా ఒక్క చెట్టును ఎంచుకుని ఇరవై నిమిషాలు కదలకుండా చూడమనండి. మొదటి అయిదు నిమిషాలు ఏమీ కనిపించదు. తర్వాత ఉడుత వస్తుంది, కాండం మీద రెండు వరసల్లో ఎదురెదురుగా పోయే చీమలు కనిపిస్తాయి, ఎక్కడో పైనున్న పిట్ట కిందికి దిగుతుంది. మనం కదలకపోతే అవి కదులుతాయి. మా అమ్మతో నేను చేసిందే ఇది. ఇప్పుడు ఆవిడే ఫోను చేసి ‘ఈ ఆదివారం లేదా’ అని అడుగుతుంది.

ఆ రోజు అమ్మగారు బెంచీకి బెంచీకి మధ్య ఎంత దూరం హాయిగా నడుస్తున్నారో గమనించండి. కొండబాటలో ఆవిడకు ఎంత వరకు సరిపోతుందో ఒక అంచనా వస్తుంది. తర్వాత అక్కడికి వెళ్లినా చేతికర్ర ఒకటి తీసుకెళ్లండి, దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం కొంత తగ్గుతుంది. తెచ్చిన కవర్లే కాదు, పండ్ల తొక్కలు కూడా తిరిగి బ్యాగులో వేసుకుని రండి. ‘మట్టిలో కలిసిపోతుందిలే’ అనుకుంటాం గానీ నెలలు పడుతుంది, ఈలోగా జంతువులు వాసనకు దారి మీదికి రావడం అలవాటు చేసుకుంటాయి.

కొండకు వెళ్లొచ్చిన మర్నాడు బాగానే ఉండి, రెండో రోజు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తే కంగారు పడకండి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, ఆ నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య గట్టిగా ఉండి తగ్గిపోతుంది. కీలు వాచినా, కాలు మోపలేకపోయినా అది వేరు సంగతి, డాక్టరుకు చూపించాలి.

మీరు చెప్పిన ఆ 9 కిలోమీటర్ల బాట ఎన్ని మీటర్లు ఎక్కుతుందో చూసి చెప్పండి. మీ నలుగురికీ ఎన్ని గంటలు పడుతుందో, ఎన్నింటికి వెనక్కి తిరగాలో లెక్క కట్టి పెడతాను.