పెయింట్ సంగతి తర్వాత, ముందు క్రాంక్ సీళ్లు చూడండి

"అరుదైన పాత మోటోక్రాస్ బైక్ దొరికింది. ఇంజిన్ స్టార్ట్ అవుతోంది కాబట్టి ముందు పెయింట్ వేయించెయ్యవచ్చా?" అని ఒకరు అడిగారు. వద్దండి. స్టార్ట్ అయినంత మాత్రాన టూ స్ట్రోక్ ఇంజిన్ బాగున్నట్టు కాదు.

నా దగ్గరున్నది 1973 హోండా ఎల్సినోర్, సీఆర్250ఎం. అల్యూమినియం ట్యాంకు, క్రోమ్‌మోలీ ఉక్కు ఫ్రేము, 248 సీసీ ఇంజిన్. రేసర్ గ్యారీ జోన్స్ ఆ ఏడాది అమెరికా 250 సీసీ మోటోక్రాస్ జాతీయ టైటిల్ గెలిచింది ఈ మోడల్ మీదే. అలాంటి బండి చేతికొచ్చాక ఏ లోటూ చెయ్యకూడదని రీబోర్ చేయించి, అంటే సిలిండర్ లోపలి గోడ కాస్త అరగదీయించి, దానికి సరిపడే ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాను. క్రాంక్ సీళ్లు, అంటే క్రాంక్‌షాఫ్ట్ రెండు వైపులా గాలి, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగులు కూడా మార్చాను, అవీ అప్పటి పాత స్టాకే, ప్యాకెట్ విప్పనివి. వాటికోసం నెలల తరబడి వెతికాను.

మొదటి కిక్కుకే అందుకుంది. వేడెక్కాక మాత్రం యాక్సిలరేటర్ వదిలేసినా రేసింగ్ దిగలేదు, దానంతటదే పైకి పోతోంది. కార్బురేటర్ అనుకుని స్క్రూ తిప్పుతూ కూర్చున్నాను. కాసేపటికి కీచుమని పిస్టన్ పట్టేసింది. హెడ్, సిలిండర్ విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వైపు బోరు గోడకు కరిగిన అల్యూమినియం చారలు చారలుగా అంటుకుని ఉంది. కొత్త పిస్టనండీ అది!

మళ్లీ బిగించాక ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ రబ్బరు బిరడాలతో మూసి, చేతిపంపుతో 6 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి పట్టాను. 6 నిమిషాలు మీటర్ ముల్లు నిలబడాలి. నిలబడలేదు. పుల్లర్‌తో మాగ్నెట్ (క్రాంక్ చివరనుండే, కరెంటు పుట్టించే చక్రం) లాగి, సబ్బునీళ్లు రాస్తే క్రాంక్ సీల్ పెదవి దగ్గర చిన్నచిన్న బుడగలు వరసగా పొంగాయి. సీల్ పీకి వేళ్లతో వంచితే అట్టలా విరిగింది. ప్యాకెట్‌లో ఉన్నా రబ్బరుకు వయసు రాకుండా ఉంటుందా? మాగ్నెట్ వైపు సీల్ లీకైతే గాలి లాగుతుంది, మిశ్రమంలో పెట్రోలు పాళ్లు తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపుదైతే గేర్ ఆయిల్ లాగి తెల్లటి పొగ కక్కుతుంది.

అందుకే ఒరిజినల్ పార్టే కావాలని పట్టుబట్టేవాళ్లంటే నాకు కోపం. లివర్లు, మడ్‌గార్డులు ఒరిజినల్‌వి వెతకండి, ఎంతైనా వెతకండి. రబ్బరు మాత్రం ఈమధ్య తయారైనదే వేయండి. ఇంకో రకంవాళ్లు దొరికిన ప్రతి ఇనుప ముక్కకూ క్రోమ్ పూయించి అద్దంలా మెరిపిస్తారు. అది బురదలో తిరిగిన బండి! కిక్ రాడ్ దగ్గర బూటు రాసుకుని అరిగిన గుర్తును నేను అలాగే ఉంచాను, దాన్ని మళ్లీ ఎవరూ తెచ్చివ్వలేరు.

కొత్త సీళ్లు వేసి మళ్లీ గాలి పట్టాను. ముల్లు కదల్లేదు. ట్యాంకు పెయింట్‌కు ఇచ్చింది ఆ మర్నాడే.