పెద్దలు – ప్రశ్నలు: హోమ్ తలుపు మూసుకున్నాక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వృద్ధాశ్రమాల గురించే. కరోనా రోజుల్లో దూరమైనవాళ్ల బాధ కొన్నింట్లో, ఇప్పుడు హోమ్‌లో చేర్చాలా వద్దా అన్న సందేహం మిగతావాటిలో. వృద్ధుల వైద్యం, నర్సింగ్, సామాజిక సేవ చూసే మా బృందం వాటిలో ఐదింటికి జవాబిస్తోంది.

మా అత్తగారికి 81 ఏళ్లు, మతిమరుపు మొదలైంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. తాంబరం వైపు ఒక హోమ్ చూశాం. అమెరికాలో ఉన్న మా మరిది మాత్రం, "కరోనాలో నర్సింగ్ హోముల్లో ఎంతమంది పోయారో తెలుసా, వద్దు వదినా" అంటున్నాడు. అక్కడ జరిగింది ఇక్కడికీ వర్తిస్తుందా?
– ఒక పాఠకురాలు, కోడంబాక్కం

ముందు మాట తేడా చూడండి. మనకు నర్సింగ్ హోమ్ అంటే పదీ ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. కాన్పుకో ఆపరేషన్‌కో వెళ్లి వారంలో ఇంటికొచ్చేస్తాం. మీ మరిది చెబుతున్నది పెద్దవాళ్లు ఏళ్ల తరబడి, చాలాసార్లు చివరిదాకా ఉండే చోటు గురించి. మన దగ్గర దానికి సరిపోయేవి వృద్ధాశ్రమాలు, డబ్బు కట్టి ఉండే హోములు. అమెరికాలో 2022 మొదటికల్లా అలాంటి చోట్ల ఉన్నవాళ్లు, పనిచేసేవాళ్లు కలిపి 2 లక్షల మందికి పైగా కరోనాతో చనిపోయారు. ఆయన భయం ఉత్తిది కాదు.

అయితే ఎందుకు పోయారన్నది చూడాలి. వయసు ఒక కారణం. మిగతావి మనుషులు చేసిన తప్పులు. 2020 ఫిబ్రవరి చివర వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్ ఊళ్లో ఒక హోమ్‌లో కరోనా మొదట బయటపడింది. ఒంట్లో బాగాలేకపోయినా సిబ్బంది డ్యూటీకి వచ్చారు. వాళ్లలో కొందరు రెండు మూడు హోముల్లో పనిచేసేవాళ్లు. మాస్కులు, గౌన్లు సరిపోలేదు. జబ్బును గుర్తించేసరికి ఆలస్యమైంది. అదే కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి ప్రాంతంలో, మరో హోమ్‌లో 76 మందికి పరీక్ష చేస్తే 48 మందికి ఉందని తేలింది. ఆ 48 మందిలో 27 మందికి ఆరోజు ఏ లక్షణమూ లేదు. గేటు దగ్గర నుదుటికి థర్మామీటరు చూపించి లోపలికి పంపితే చాలన్న నమ్మకం అక్కడే పోవాల్సింది.

ఇంగ్లండ్‌లో ఆసుపత్రి పడకలు ఖాళీ చేయాలని 2020 మార్చి 17 నుంచి ఏప్రిల్ 15 లోపు సుమారు 25,000 మందిని కేర్ హోములకు పంపించారు. అందరికీ పరీక్షలు చేయలేదు. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా అంటుకునే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు తేల్చింది. కెనడాలో మొదటి విడత మరణాల్లో దాదాపు 80 శాతం ఇలాంటి హోముల్లోనే. సిబ్బంది లేక చివరికి సైన్యాన్ని పంపారు. సైనికులు రాసిన నివేదికల్లో పిలిచినా పలికే దిక్కులేని ముసలివాళ్లున్నారు, మార్చని డైపర్లున్నాయి, సరిగా అందని తిండీ నీళ్లూ ఉన్నాయి. అంటే వైరస్ ఒక్కటే చంపలేదు. చూసే చేతులు తక్కువైపోవడం, బయటి కళ్లు లోపలికి పోలేకపోవడం కూడా ప్రాణాలు తీశాయి.

మన కరోనా బులెటిన్లలో చనిపోయినవాళ్ల వయసు, జిల్లా, ఉన్న జబ్బులు రాసేవారు. ఆ మనిషి ఆశ్రమంలో ఉండేవారా అన్న గడి లేదు. అందుకే ఇక్కడి నష్టం ఎంతో అంకెల్లో కనబడదు. 60 దాటినవాళ్లకు టీకా 2021 మార్చి 1న మొదలైతే, గుర్తింపు కార్డు లేని ఆశ్రమవాసులకూ వేయొచ్చని ప్రత్యేక విధానం వచ్చేసరికి మే నెలైంది. అప్పటికి రెండో విడత ఉధృతంగా ఉంది. అందుకే అత్తగారిని ఎక్కడ చేర్చినా ఆధార్ నకలు, టీకాల కాగితం, మందుల చీటీ ఒక ఫైలులో పెట్టి హోమ్‌లోనే ఉంచండి.

కాబట్టి "వద్దు" అనం. ఆ తప్పులు మీరు చూసిన హోమ్‌లో ఉన్నాయో లేవో చూసుకోండి. ఎలాగన్నది కింది జవాబులో ఉంది.

హోమ్ చూడటానికి వెళ్తే మార్బుల్ గచ్చు, పూలకుండీలు, దేవుడి గది చూపిస్తున్నారు. నిజంగా ఏం చూడాలి, ఏం అడగాలి?
– ఒక పాఠకుడు, విల్లివాక్కం

మనుషుల లెక్క అడగండి. ఒక్కో వ్యక్తికి రోజుకు 3.48 గంటల సంరక్షణ ఉండాలని అమెరికా ప్రభుత్వం 2024లో నియమం పెట్టింది. హోముల యాజమాన్యాలు కోర్టుకెళ్లగా 2025లో అది కొట్టివేతకు గురైంది. అయినా కొలబద్దగా పనికొస్తుంది. 40 మంది ఉన్న హోమ్‌లో రోజుకు 139 గంటల పని. 12 గంటల షిఫ్టులైతే పగలూ రాత్రీ కలిపి దాదాపు 12 మంది కావాలి. వంటవాళ్లు, వాచ్‌మన్, ఊడ్చేవాళ్లు ఇందులోకి రారు. "మా ఆయాలు 24 గంటలూ ఉంటారు" అంటే ఆ ఆయా నిద్రపోయే గంటలు తీసేసి లెక్కేయండి. రాత్రి 2 గంటలకు మెలకువగా ఎంతమంది ఉంటారు, వాళ్లలో నర్సు ఉందా? ఈ ఒక్క ప్రశ్నకు తడుముకోకుండా జవాబొస్తే సగం నమ్మొచ్చు.

ఆయాలు ఇంకో హోమ్‌లో కూడా చేస్తారా, జ్వరమొస్తే జీతం కోయకుండా సెలవిస్తారా అని కూడా అడగండి. జీతం పోతుందంటే ఎవరైనా మాత్ర వేసుకుని డ్యూటీకి వచ్చేస్తారు. జబ్బు లోపలికి వచ్చే దారి అదే.

పగలు 11 గంటలకు వెళ్లకండి, అది చూపించడానికి సిద్ధం చేసిన వేళ. రాత్రి భోజనాల వేళ 7 గంటల ప్రాంతంలో వెళ్లండి. తనంతట తాను తినలేని మనిషికి అన్నం పెట్టడానికి కనీసం అరగంట పడుతుంది. ఒక ఆయాకి ఆరుగురుంటే మూడు గంటలు. ఆరో మనిషికి చల్లారిన అన్నం గబగబా కుక్కుతారు, పొరబోతుంది, నాలుగు రోజులకు న్యుమోనియా. మంచం పక్క నీళ్ల గ్లాసు ఎటువైపు ఉందో చూడండి. కుడి చెయ్యి పడిపోయిన మనిషికి కుడివైపు పెట్టిన గ్లాసు లేనట్టే. కాలింగ్ బెల్ మీరే నొక్కి, మనిషి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో వాచీ చూసుకోండి.

జ్వరమొచ్చినవాళ్లను విడిగా ఉంచే గది చూపించమనండి. దానికి విడి బాత్రూం ఉండాలి. కిటికీ వరండాలోకి కాక బయటికి తెరుచుకోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను గాలిని బయటికి తోయాలి. ఆ గదిలో ఇప్పుడు పాత పరుపులు, అట్టపెట్టెలు ఉంటే అది గది కాదు, గోడౌన్.

చెన్నైలో కరెంటు సంగతి తప్పక అడగాలి. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానప్పుడు దక్షిణ శివార్లలో రోజుల తరబడి కరెంటు లేదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రానికి, అంటే నిమిషానికి 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌కి, సుమారు 350 వాట్లు కావాలి. ఒక 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ మీద మూడు నాలుగు గంటలకు మించి నడవదు. జనరేటర్ ఉందా, డీజిల్ ఎంత నిల్వ ఉంటుంది, నిండు సిలిండర్ ఉందా అని అడగండి. సుమారు 1,500 లీటర్లు పట్టే బి-టైప్ సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. సిలిండర్ ఉన్నా దాన్ని తెరిచే తాళంచెవి ఎక్కడుందో రాత్రి డ్యూటీ ఆయాకి తెలియని హోములున్నాయి. ఆమెనే అడిగి చూడండి.

ఇక మన తెలుగువాళ్ల ఇబ్బంది ఒకటుంది. మతిమరుపు వచ్చినవాళ్లలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. యాభై ఏళ్లు మార్కెట్లో అరవం మాట్లాడిన మనిషి కూడా చివరికి తెలుగులోనే అడుగుతారు. ఆయాలేమో తమిళం వాళ్లు, లేదా ఒడిశా, అస్సాం పిల్లలు. "ఒంటికి వస్తోంది" అని పెద్దావిడ రెండుసార్లు అంటే అర్థంకాక తల నిమిరి వెళ్లిపోతారు. పక్క తడుస్తుంది, డైపర్ వేస్తారు, నెల తిరిగేసరికి ఆమె నడిచి బాత్రూంకి వెళ్లడమే మానేస్తుంది. ఒక అట్టమీద ఇరవై మాటలు రాసి మంచం దగ్గర కట్టండి: దాహం, ఒంటికి, రెంటికి, నొప్పి, కళ్లు తిరుగుతున్నాయి, చలి, ఉక్క. ఆ తెలుగు ఉచ్చారణే తమిళ లిపిలో, హిందీ లిపిలో రాసి పక్కన అర్థం రాయండి. ఖర్చు లేని పని, చాలా బాధ తప్పిస్తుంది.

2021లో మూడు నెలలు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. తర్వాత చూస్తే నాన్నగారి తుంటి వెనక గుంటలా పుండు. "వయసు కదండీ" అన్నారు. ఆయన పోయారు. ఇప్పుడు అమ్మ మంచం మీద ఉంది. పుండు పడకుండా చూడొచ్చా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

చూడొచ్చు. నాన్నగారి విషయంలో వాళ్లు చెప్పింది తప్పు. వయసు చర్మాన్ని పలచన చేస్తుంది, అంతే. చాలా మటుకు పడక పుండు కదపకపోవడం వల్ల పడుతుంది. మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. ఏ పక్క, ఎన్ని గంటలకు అని మంచానికి కట్టిన కాగితంలో రాయాలి. రాత్రి అంతా ఒకే చేతిరాతలో, ఒకే పెన్నుతో వరసగా నింపేసి ఉంటే అది పొద్దున రాసిన కాగితం.

రోజూ స్నానం చేయించేటప్పుడు తోక ఎముక, తుంటి, మడమలు, మోచేతులు చూడండి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు కనబడదు, అరచేయి వెనక భాగంతో తాకండి. చుట్టూ ఉన్నదానికన్నా వేడిగానో గట్టిగానో ఉంటే అదే గుర్తు. అక్కడ రుద్దకూడదు, పౌడరు దట్టించకూడదు. మధ్యలో కన్నమున్న గాలి దిండు వద్దు, అది చుట్టూ రక్తాన్ని నొక్కేస్తుంది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి.

గాలి పరుపు కొన్నాక చేసే పొరపాటు, దానిమీద రబ్బరు షీటు, దుప్పటి, పాత చీర, డైపర్ ప్యాడు అన్నీ పరవడం. అప్పుడు గాలి గదులు పొంగినా ఒంటికి తెలియదు. వదులుగా ఒక్క దుప్పటి చాలు. గాలి పరుపుంది కదా అని పక్క మార్చడం మానకూడదు. కరెంటు పోయినప్పుడు పంపు ఆగి పరుపు చప్పబడుతుంది, అది గమనించే మనిషి కావాలి.

మంచం తల భాగం ఎక్కువ ఎత్తితే మనిషి కిందికి జారి తోక ఎముక దగ్గర చర్మం ఒరుసుకుంటుంది. 30 డిగ్రీలు దాటకపోవడం మంచిది. ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తుంటే మాత్రం ఇచ్చేటప్పుడు, తర్వాత ఓ గంటసేపు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంచి ఆపైన దించండి. అమ్మ బరువు నెలకోసారి తూయించండి. నెలలో 5 శాతం తగ్గిందంటే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, డాక్టరుకు చూపించాల్సిందే. బరువు తగ్గినచోట పుండు మానదు.

మా హోమ్‌లో ఇద్దరికి జ్వరమని మళ్లీ సందర్శకులను ఆపేశారు. అమ్మకు ఆక్సీమీటర్‌లో 97 ఉంది, జ్వరం లేదు, బాగుందంటున్నారు. వీడియో కాల్‌లో మాత్రం మగతగా, మాట సరిగా లేకుండా ఉంది. కంగారు పడాలా?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్లలో ఇన్‌ఫెక్షన్ తరచూ జ్వరంతో రాదు. తిండి మానేయడం, ఉన్నట్టుండి తికమక, మగత, పడిపోవడం, ఇవే మొదటి గుర్తులు. వాళ్ల ఒంటి మామూలు వేడి 97 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే 99 దాటడమే జ్వరం కింద లెక్క. ఆక్సీమీటరు కూడా చల్లటి వేళ్లకు, గోరింటాకు పెట్టుకున్న వేళ్లకు తప్పు చూపొచ్చు. నల్లటి ఒంటివాళ్లలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 94 కన్నా తగ్గితే వెంటనే ఆసుపత్రి. 97 ఉంది కాబట్టి ఏమీ లేదనడం మాత్రం సరికాదు. నిద్రమాత్రలు కొత్తగా ఏమైనా మొదలుపెట్టారేమో అడగండి. సిబ్బంది తక్కువైన రోజుల్లో లేచి తిరిగే పెద్దవాళ్లను మందుతో పడుకోబెట్టడం జరుగుతుంది.

సందర్శన సంగతి. అందరినీ ఆపడంలో అర్థం ఉండొచ్చు, ఒక్కరినీ రానివ్వకపోవడంలో లేదు. అన్నం తినిపించే కూతురు సందర్శకురాలు కాదు, సంరక్షణలో భాగం. ఈ సంగతి కెనడాలోని ఒంటారియో మొదటి విడత దెబ్బ తిన్నాకే ఒప్పుకుని, కుటుంబం నుంచి ముఖ్య సంరక్షకులను లోపలికి అనుమతించింది. మీరూ రాసి ఇవ్వండి: పేరు రాసిన ఒక్క మనిషి, రోజూ ఒకే వేళ, టీకాలు వేసుకుని, ఎన్95 మాస్కుతో, సబ్బుతో 40 సెకన్లు చేతులు కడుక్కుని, ఉమ్మడి హాలులో ఆగకుండా నేరుగా అమ్మ గదికి, కిటికీ తెరిచి. నోటితో అడిగితే కాదంటారు. కాగితం మీద ఇచ్చి నకలు మీద సంతకం అడిగితే ఆలోచిస్తారు.

హోమ్‌పై ఫిర్యాదు ఎక్కడ చేయాలి?
– పలువురు పాఠకులు

అత్యవసరమైతే 108. నిర్లక్ష్యం, దౌర్జన్యం గురించైతే పెద్దల కోసం దేశమంతా ఉన్న 14567 నంబరుకు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా చేయొచ్చు. హోమ్ రిజిస్టరైందో లేదో జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి కార్యాలయంలో అడగండి, లిఖిత ఫిర్యాదు కూడా అక్కడే ఇవ్వండి. డబ్బు తీసుకుని సరైన సేవ ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు. 5 లక్షల లోపు కట్టిన కేసులకు ఫీజు లేదు. ఆస్తి రాయించుకుని పిల్లలే వదిలేసిన కేసైతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టాలి. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని రద్దు చేసే వీలు 23వ సెక్షన్‌లో ఉంది.

ఎక్కడికెళ్లినా ఇవి కావాలి: చేరినప్పటి ఒప్పందం, నెలనెలా రసీదులు, బరువు రాసిన కాగితం, మందుల పట్టిక. పుండు ఉంటే పక్కన స్కేలు పెట్టి, తేదీ కనబడేలా తీసిన ఫొటో. వారం తర్వాత మళ్లీ అదేచోట, అదే స్కేలుతో ఇంకొకటి తీయండి.