లావణ్యకి, రికార్డింగుకి బయలుదేరే ముందు

అమ్మా లావణ్యా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, కాలేజీ కమ్యూనిటీ రేడియోలో నువ్వు 13 వారాల కార్యక్రమం మొదలుపెడుతున్నావని, అది కూడా ఆడవాళ్ళ ఉద్యమాల మీదని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నా గదిలో ఖాళీ టేపు స్పూళ్ళని బండి చక్రాల్లా దొర్లించుకుంటూ ఆడిన పిల్లవి, ఇప్పుడు మైకు పట్టుకుని ఊళ్ళు తిరుగుతావంటే మీ అత్తకి ఎంత సంతోషమో వేరే చెప్పాలా? ఆ సంతోషం వెనకే భయమూ వచ్చి కూర్చుంది. నువ్వు మాట్లాడించబోయే ఆడవాళ్ళ గురించి ఆ భయం. అందుకే ఈ ఉత్తరం.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చదివాను. 13 వారాలకీ స్క్రిప్టులు రాసేశావు, ఒక్క మనిషినీ కలవకుండా! 1978లో హైదరాబాదులో పోలీసుల అత్యాచారం మీద జనం తిరగబడ్డ రమీజాబీ కేసు, 1983లో మారిన అత్యాచార చట్టం, సారా వ్యతిరేక ఉద్యమం, అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. తేదీలు తప్పని కాదమ్మా. కానీ అవన్నీ నీ గొంతులోనే ఉన్నాయి. మధ్యలో 'ఇక్కడ ఒక మహిళ అభిప్రాయం, 40 సెకన్లు' అని ఖాళీ వదిలావు. ఆ మహిళ వచ్చి నీ ఖాళీ పూరించి వెళ్ళాలా? హైదరాబాదులో స్త్రీవాదుల బృందం స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పినదాన్ని టేపులకెక్కించి, 1986లో పుస్తకంగా తెచ్చారు. అందులో మాటలన్నీ ఆ ఆడవాళ్ళవే. ఆ పుస్తకం నా దగ్గర ఉంది, వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. స్క్రిప్టు మనుషుల్ని కలిసొచ్చాక రాసుకో.

మిగతావి నీకు తెలిసే ఉంటాయి. బ్యాటరీలు రెండు జతలు పెట్టుకో. ఇంట్లోకి వెళ్ళగానే ఫ్యాన్ ఆపమని అడుగు. హెడ్‌ఫోన్స్ లేకుండా రికార్డు చెయ్యొద్దు. ఆమె మాట్లాడుతుంటే 'ఊఁ, ఊఁ' అనకు, తల ఊపు చాలు. వాళ్ళు పెట్టింది తిను. కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు చదవకూడదన్న నిబంధన ఉంది, అది మీ సార్లు చూసుకుంటారు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1992 చివరి నెలల్లో నెల్లూరు జిల్లా ఎలా ఉండేదో నీకు ఊహకి అందదు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులకి వచ్చిన ఆడవాళ్ళు సారా గురించి పాఠం చదువుకుని, అది మన ఇంటి కథే కదా అని లేచారు. దూబగుంటలో రాజుకుంది, ఊరూరా పాకింది. అప్పటికి సారా ప్యాకెట్లలో వచ్చేది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దానికి పోయేవి. ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని దుకాణాల మీదికి వెళ్ళారు, ప్యాకెట్లు కోసి మట్టిలో పారబోశారు, సారా దుకాణాల వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆగింది. ఏ నాయకుడో పిలిస్తే వచ్చింది కాదది.

నేనప్పుడు రేడియోలో మధ్యాహ్నం వచ్చే స్త్రీల కార్యక్రమానికి క్యాజువల్‌గా, అంటే పర్మనెంటు కాకుండా, పనిచేస్తున్నాను. ముప్పై ఒకటో ఏడు. భుజానికి ఉహెర్ టేప్ రికార్డరు, సంచిలో అయిదంగుళాల స్పూళ్ళు. ఒక్కో స్పూలు పదహారు నిమిషాలు, అంతే. అందుకే మనిషి నోరు తెరిచి అసలు విషయానికి వచ్చేదాకా మిషను ఆన్ చేసేదాన్ని కాదు. ఉదయగిరి వైపు ఒక పల్లెలో ఒకామెని కలిశాను. నా వయసే ఉంటుంది. ఇద్దరు మగపిల్లలు. ముందురోజు కోసిన ప్యాకెట్ల వాసన ఆ వీధిలో ఇంకా పోలేదు. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ మాట్లాడింది. పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందె మొగుడు తీసుకెళ్ళి సారా కొట్లో కుదువ పెట్టిన రోజు గురించి చెప్పింది. అడిగితే కొట్టాడట. ఎక్కడ కొట్టాడో, దేనితో కొట్టాడో కూడా చెప్పింది. గొంతు ఎక్కడా వణకలేదు. చేతులు పిక్కలు తీస్తూనే ఉన్నాయి. చివర్లో, దుకాణం మీదికి వెళ్ళిన రోజు మా బిందె కొట్లో అటక మీద కనపడిందమ్మా, చెయ్యి పెట్టలేదు, దొంగతనం అంటారని, అంది.

నేను అలాంటి రికార్డింగ్ అంతవరకు చెయ్యలేదు. బస్సులో వస్తూ ఒళ్ళో రికార్డరు పెట్టుకుని మురిసిపోయాను. పేరు మార్చాను, ఊరి పేరు తీసేశాను. నా దృష్టిలో జాగ్రత్తలన్నీ తీసుకున్నట్టే. కానీ ఆమె ఇంటి వెనకాల పిండి మర ఉంది. మాటల వెనక దాని శబ్దం టకటకా వినపడుతూనే ఉంది. బ్లేడుతో టేపు కోసి అతికించే రోజులవి. ఆ శబ్దం లేని ముక్కలు ఏరుకుని ఉండొచ్చు. ఏరలేదు. ఊరి వాతావరణం వస్తుందని కావాలనే ఉంచాను.

ప్రసారమైన రోజు ఆమె మొగుడు టీకొట్టు దగ్గర ఉన్నాడు. అక్కడ రేడియో మోగుతోంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళకి పేరెందుకు? రెండో మాటకే గొంతు పోల్చారు, పిండి మర చప్పుడుతో ఇల్లు కూడా తెలిసిపోయింది. అందరూ అతని మొహం వైపు చూశారట. ఆ సమయానికి ఆమె చేలో కలుపు తీస్తోంది. తన గొంతు రేడియోలో వస్తోందన్న సంగతే ఆమెకి తెలియదు. సాయంత్రం తలమీద గడ్డిమోపుతో ఇంటికొచ్చింది.

రెండు నెలల తర్వాత ఇంకో రికార్డింగుకి ఆ పక్కకి వెళ్ళి, ఆమెని పలకరిద్దామని వెళితే ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటావిడ చెప్పింది, ఆ రాత్రి ఏం జరిగిందో. చిన్నవాణ్ణి తీసుకుని పుట్టింటికి పోయిందట, పెద్దవాణ్ణి తండ్రి పంపలేదట. మూడు బస్సులు మారి ఆమె పుట్టిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. మంచినీళ్ళిచ్చింది. తర్వాత ఒకే మాట అంది: "ఫలానా రోజున వస్తదని ముందు చెప్పుంటే మా తమ్ముణ్ణి పిలిపించుకుని ఉండేదాన్ని గదమ్మా."

లావణ్యా, ఆ మాట సరిగ్గా విను. వెయ్యొద్దు అని ఆమె అనలేదు. చెప్పినందుకు పశ్చాత్తాపపడలేదు. ఆమెకి కావలసింది ఒక్కరోజు ముందు కబురు. ఒక పోస్టుకార్డు ముక్క. అది నేను రాయలేదు. ఆమెకి ఉన్న ధైర్యాన్ని నేను కార్యక్రమానికి వాడుకున్నాను, ఆ ధైర్యానికి తోడు ఉండాల్సిన మనిషిని పిలుచుకునే వీలు మాత్రం ఇవ్వలేదు.

వచ్చేటప్పుడు అడిగింది, నా గొంతు ఎట్టుందో ఒకసారి వినిపిస్తావా అని. అప్పటికే ఆ టేపు చెరిపేసి వేరే కార్యక్రమానికి వాడేశారు. టేపులకి కొరత, అందరం అదే పని చేసేవాళ్ళం. నెల్లూరు జిల్లాలో ఎవరెవరో విన్న ఆ గొంతు ఆమె ఒక్కతే వినలేదు.

నీకు టేపు కొరత లేదు, కానీ నీ రేడియో ఇంకా ప్రమాదం. మా కేంద్రం ప్రసారం నాలుగు జిల్లాలకి పోయేది, అంత దూరంలో ఆమె ఎవరో ఎవరికి తెలుసు? తెలిసింది ఆ ఒక్క ఊరికే. మీది చిన్న ట్రాన్స్‌మిటర్, చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు. అంటే నీ శ్రోతలంతా ఆమె పక్కింటివాళ్ళే, అత్తింటివాళ్ళే. ఆ తర్వాత ఫోన్లలో ఫార్వర్డ్ అయితే ఇక నీ చేతిలో ఏమీ ఉండదు.

కాబట్టి రికార్డింగ్ అయ్యాక, ఎడిటింగ్ కూడా అయ్యాక, మళ్ళీ ఆమె ఇంటికి వెళ్ళు. ఇయర్‌ఫోన్లు ఆమె చెవిలో పెట్టి మొత్తం వినిపించు. ఏది తీసెయ్యమంటే అది తీసెయ్, ఎందుకని అడక్కు. ఏ రోజు ఎన్ని గంటలకి వస్తుందో చెప్పు. ఆ రోజు ఇంట్లో ఎవరుంటారని అడుగు. మర్నాడు నువ్వే ఫోన్ చెయ్. సంతకం పెట్టించుకుంటే నీ కాలేజీకి రక్షణ, అది కూడా చేసుకో, కానీ దాన్నే అనుమతి అనుకోకు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో గురించి నీ ప్లానులో ఒక్క ముక్క కూడా లేదు, అది నాకు కష్టంగా అనిపించింది. 2008 అక్టోబరులో వాళ్ళకి గాలిలోకి వెళ్ళే అవకాశం వచ్చింది. అంతకుముందు పదేళ్ళు స్టూడియో ఉన్నా లైసెన్సు లేదు. ఊరుకోలేదు వాళ్ళు. రికార్డు చేసినవి క్యాసెట్లలో సంఘాలకి పట్టుకెళ్ళి కూర్చుని వినిపించారు. తమ మాట తమ వాళ్ళ మధ్య కూర్చుని వినడం వాళ్ళకి అలా అలవాటైంది. ఒక్కసారి వెళ్ళి రా. మైకు పట్టుకున్న మనిషీ మైకు ముందున్న మనిషీ ఒకే చేలో పనిచేసేవాళ్ళయితే ప్రశ్న ఎలా మారుతుందో అక్కడ చూస్తావు.

ఇంకో మాట. సారా ఉద్యమం వారంలో అందరికీ తెలిసిన పేర్లతోనే ఆపకు. రాత్రిళ్ళు కాపలా కాసినవాళ్ళకి టీ కాచినామె ఎవరు, కేసులు పెడితే కోర్టుకి బస్సు చార్జీలు ఎవరు వసూలు చేశారు, అది అడుగు. 1995లో మద్యం మీద పూర్తి నిషేధం వచ్చి, 1997లో ఎత్తేసినప్పుడు ఆ ఆడవాళ్ళకి ఏమనిపించిందో కూడా అడుగు.

నేను చెప్పిన ఆమె ఉంటే ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. పుట్టింటి ఊరు నాకు గుర్తుంది, తమ్ముడి ఇంటి ముందు పెద్ద వేపచెట్టు. నువ్వు ఆ వైపు వెళ్ళే రోజు రెండు రోజులు ముందు చెప్పు. నేనూ వస్తాను. మూడు బస్సులు మారే ఓపిక లేదు, కారు మాట్లాడు, డబ్బు నేనిస్తాను. ఆమె కనపడితే, మాట్లాడతానంటే, మైకు నువ్వు పట్టుకో. ముందు మాత్రం హెడ్‌ఫోన్స్ ఆమెకి పెట్టు. రెండు మాటలు రికార్డు చేసి అక్కడికక్కడే వినిపించు.

మీ అత్త