ఐదు కిలోల గద ఎందుకంత బరువు?

ప్రశ్న: 16 కిలోల కెటిల్‌బెల్‌ను (పైన పిడి ఉన్న ఇనుప గుండు) సునాయాసంగా ఊపుతాను. 5 కిలోల గదను మాత్రం వీపు వెనక నుంచి తిప్పబోతే మణికట్టు నిలవడం లేదు. ఎందుకని?

జవాబు: మీరు కిలోలు చూస్తున్నారు, మీ మణికట్టు దూరం చూస్తోంది. కెటిల్‌బెల్ గుండు పిడికి దాదాపు ఆనుకునే ఉంటుంది. ఊపులో అది చేతికి తాడులా వేలాడుతుంది కాబట్టి దాన్ని నిలబెట్టే పని మణికట్టుకు పెద్దగా పడదు. గద అలా కాదు. కర్ర అడుగున పట్టుకుని అడ్డంగా చాపితే 5 కిలోల గుండు 80 సెం.మీ. అవతలి నుంచి లాగుతుంది: 5ను 0.8తో గుణిస్తే 4. అదే 4 కిలోల క్లబ్‌లో (పిడి సన్నగా, కొస లావుగా ఉండే పొట్టి దుడ్డు) బరువు కేంద్రం పిడికిలికి 40 సెం.మీ. దూరంలో ఉంటే ఈ లెక్క 1.6 దగ్గరే ఆగుతుంది. కాబట్టి తేలిక గద కోసం వెతకనక్కర్లేదు. రెండు చేతుల్నీ 20 సెం.మీ. గుండు వైపు జరిపి పట్టుకోండి, 4 కాస్తా 3 అవుతుంది.

ఇక తిప్పే తీరు. గుండు పైకి ఉండేలా గదను ఛాతీ ముందు నిలువుగా పట్టుకోండి. ఒక భుజం మీదుగా దాన్ని వెనక్కి జారనివ్వండి, విసరకండి. మోచేతులు పైకి చూడాలి. గుండు వీపు వెనక లోలకంలా వేలాడి రెండో భుజం వైపు ఊగుతుంది. లాగాల్సింది ఆ ఊపు అందిన క్షణంలోనే. అది వెన్నును దాటకముందే తొందరపడి లాగితే భారమంతా భుజం కీలు మీద పడుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇంకో తప్పు, గుండు వెనక్కి పోగానే పొట్ట ముందుకు తోసి నడుము విల్లులా వంచడం. పిర్రలు బిగించి పక్కటెముకలు కిందికి దించి ఉంచితే వంగదు. 5 సార్లు తిప్పాక కింది చేతిని పైకి మార్చి, అటు నుంచి ఇటు మరో 5.

ప్రశ్న: రోజంతా కూర్చునే పని. భుజాలు బిగుసుకుపోయాయి. నాకేది నయం?

జవాబు: అర కిలో నుంచి కిలో లోపు తేలిక క్లబ్బుల జత. ఇక్కడ బరువు పెంచడం ఘనకార్యం కాదు. బరువెక్కువైతే మీరు క్లబ్‌ను ఆపే పనిలో పడతారు, భుజం తన పూర్తి వలయం తిరగదు. ముందు చేయి చాపి పెద్ద వలయాలు, అవి కుదిరాక తల వెనక చిన్న వలయాలు, ఒక్కో వైపు 10 చొప్పున. పిడికిలి బిగించొద్దు. బొటనవేలు, చూపుడువేలు పట్టుకుని ఉంటే మిగతా వేళ్లు వదులై మళ్లీ మూసుకోవాలి. అస్తమానం బిగించి పట్టేవారికి మోచేయి బయటి వైపు నొప్పి మొదలవుతుంది. చేయి తిమ్మిరెక్కితే మానేసి డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: కెటిల్‌బెల్ ఊపిన మర్నాడు నడుము పట్టేస్తోంది.

జవాబు: బహుశా గుంజీలు తీస్తున్నారు, లేదా చేతులతో ఎత్తుతున్నారు. మోకాళ్లు కొద్దిగానే వంగాలి, పిరుదులు వెనక్కి పోవాలి. గుండు మోకాళ్ల కిందికి జారకుండా తొడల మధ్య పైభాగం నుంచే వెళ్లాలి. కిందికి జారిందంటే దాన్ని లాగేది నడుమే. పైకి లేవగానే పిర్రలు బిగించి నిటారుగా ఆగండి, వెనక్కి వాలకండి. 10 చొప్పున 5 విడతలు చాలు. వీపు గుండ్రమవుతోందంటే ఆ విడత అక్కడే ఆపేయండి.

ప్రశ్న: ఈ మూడింట్లో ఒక్కటే కొనగలను.

జవాబు: కెటిల్‌బెల్. ఎత్తడానికీ, మోయడానికీ, ఊపడానికీ అదొక్కటే పనికొస్తుంది. గద, క్లబ్ తిప్పడానికి తప్ప పెద్దగా అక్కరకు రావు. కొనేముందు పిడి లోపలి వైపు వేలు పెట్టి నిమరండి. పోత పోసినప్పుడు అచ్చు వదిలిన గీత గరుకుగా తగిలితే అరచేతి కాయలు చిట్లిపోతాయి. సన్నటి గరుకు కాగితంతో రుద్దుకుంటే ఆ గీత పోతుంది.