తెరిచారనగానే పరుగెత్తకు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న ఫోన్లో "పిన్నీ, ఆ థీమ్ పార్కు మళ్లీ తెరుస్తున్నారట, మొదటి వారమే వెళ్లిపోదామనుకుంటున్నాం" అన్నావు. నీ హుషారు చూసి అప్పటికప్పుడు ఏమీ అనలేకపోయాను. వెనకాల పిల్లలు గెంతుతున్న చప్పుడు కూడా వినబడింది. అయినా ఫోన్లో చెబితే నువ్వు సగం వింటావు, ఆ సగంలో సగం మీ ఆవిడకి చెప్పడం మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి.

ముందు నా పిల్లలతో, తరవాత వాళ్ల పిల్లలతో, ముప్పై ఏళ్లుగా ఇలాంటి పార్కులు తిరుగుతూనే ఉన్నాను. మామూలు రోజుల్లో వెళ్లడం వేరు, ఏడాదికి పైగా తాళం పడి ఉన్న పార్కుకి వెళ్లడం వేరు. ఆ రెండో రకంలో నేనొకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ముందు అది చెప్తాను.

ఓ పార్కు చాలాకాలం మూతబడి తెరుచుకుంది. పేరెందుకులే. మా మనవడికి అందులో ఒక నీళ్ల రైడ్ అంటే ప్రాణం. మూసి ఉన్నన్నాళ్లూ "తెరవగానే మొట్టమొదట అదే ఎక్కుదాంరా" అని వాణ్ణి ఊరించింది నేనే. వెళ్లాం. గేటు దాటగానే వాడు నా చెయ్యి వదిలించుకుని అటే పరుగెత్తాడు. వెనకే నేను. తీరా చూస్తే అక్కడ మనిషెత్తు చెక్కల గోడ, దాని మీద పనులు జరుగుతున్నాయని బోర్డు. ఆ రైడ్ ఇంకా తెరవలేదని పార్కువాళ్లు వాళ్ల వెబ్‌సైట్లో ఎప్పుడో పెట్టారట. నేను చూడలేదు. ఇన్నేళ్లు తిరిగిన చోటు, నాకు తెలియనిదేముంది అన్న ధీమా. వాడి ఏడుపు ఆపడానికి గంట పట్టింది. ఆ తరవాత ఏది ఎక్కించినా వాడి మొహంలో వెలుగు రాలేదు.

తప్పు పార్కువాళ్లది కాదు. నా బుర్రలో ఉన్న పాత పార్కుకి నేను ప్లాన్ వేసుకుని, వేరే పార్కుకి వెళ్లాను. నీ ప్లాన్లో కూడా నాకు అదే కనబడుతోంది. "అప్పుడు మనం చేసినట్టే చేద్దాం" అని నిన్న మూడుసార్లు అన్నావు.

2020లో ఏం జరిగిందో గుర్తు చేసుకో. నాలుగు థీమ్ పార్కులున్న ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌ని కరోనా వల్ల మార్చి 16 నుంచి మూసేశారు. జూలై 11న తెరవడం మొదలుపెట్టారు, అది కూడా ముందు రెండు పార్కులే, మిగతా రెండూ 15న. సరే, తెరిచారు. కానీ రాత్రి బాణాసంచా మళ్లీ మొదలైంది 2021 జూలై 1న. అంటే దాదాపు ఏడాది పాటు, బాణాసంచా కోసమే వెళ్లినవాళ్లకి అది లేదు. పిల్లలు మిక్కీని వాటేసుకుని ఫోటో దిగడం 2022 ఏప్రిల్ 18 దాకా కుదరలేదు. అంతకుముందు ఏదైనా దూరం నుంచే. ఆ నాలుగింటిలో ఒకటైన యానిమల్ కింగ్‌డమ్‌లో ప్రైమీవల్ వర్ల్ అని ఒక రోలర్ కోస్టర్ ఉండేది, అది మళ్లీ తెరుచుకోనే లేదు. క్యూలో నిలబడకుండా ఉచితంగా వెళ్లనిచ్చే ఫాస్ట్‌పాస్ పోయింది. దాని స్థానంలో 2021 అక్టోబర్‌లో డబ్బు కట్టి వాడుకునే పద్ధతి వచ్చింది. తెరిచారన్న ఒక్క మాట వెనకాల ఇన్ని ఉంటాయి.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన మొదటి పని టికెట్లు కొనడం కాదు. ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో ఒక్కొక్కరికీ "ఇది లేకపోతే వెళ్లడం దండగ" అనిపించేదేమిటో ఒక్కటి చొప్పున రాయించు. మీ అమ్మని కూడా అడుగు. తనకి పరేడ్ ఇష్టం, అడగందే నోరు విప్పదు. ఆ ఐదింటినీ పార్కువాళ్ల సొంత వెబ్‌సైట్లోనో యాప్‌లోనో ఒక్కొక్కటిగా వెతుకు. ఎవరో పెట్టిన పాత వీడియోలు నమ్మకు, వాటిలో ఉండేది మూసెయ్యకముందు పార్కు. ఐదింటిలో మూడైనా నడుస్తుంటే బయల్దేరు. రెండే అయితే ఆగు. పార్కు ఎక్కడికీ పోదు.

ఇక మొదటి వారం సంగతి. అన్నాళ్లు ఆగిన మెషీన్లు, కొత్తగా చేరిన కుర్రాళ్లు. రైడ్ నడిపేవాళ్లకి ఎంత శిక్షణ ఇచ్చినా, జనం మీదపడ్డాక గానీ అసలు పని అలవాటు కాదు. మెషీన్లయితే చిన్న సెన్సర్‌కి అనుమానం వచ్చినా వాటంతటవే ఆగిపోతాయి. అలా ఆగడం మన మంచికే, భయపడాల్సిందేమీ లేదు. కాకపోతే ఎండలో క్యూలో ఉన్న నీకు మంచిగా అనిపించదు. అసలు డిస్నీల్యాండే 1955 జూలై 17న మొదటిసారి తెరిచినప్పుడు దొంగ టికెట్లతో వేలమంది లోపలికి వచ్చేశారు. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలావాటిలో నీళ్లు లేవు. అంత పేరున్న చోటే మొదటిరోజు అలా గడిచింది.

అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది, అది తెలుసుకోకుండా నా మాట గుడ్డిగా పట్టుకోకు. తెరిచిన కొత్తలో లోపలికి ఇంతమందినే పంపాలని పరిమితి పెడితే లెక్క తిరగబడుతుంది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ పదమూడు నెలలు మూసి 2021 ఏప్రిల్ 30న తెరిచినప్పుడు నాలుగోవంతు జనాన్నే రానిచ్చారు, వాళ్లు కూడా ఆ రాష్ట్రం వాళ్లే అయివుండాలి. టికెట్ దొరకడం గగనం, దొరికినవాళ్లకి మాత్రం హాయి. అలాంటి పరిమితి ఉంటే, నీకు తేదీ దొరికితే, తొలి వారాల్లో వెళ్లినా నేను కాదనను. పరిమితి లేకపోతే కనీసం రెండు నెలలు ఆగి, బడులు నడిచే రోజుల్లో, వారం మధ్యలో వెళ్లు. సెలవులకి ముడిపెట్టావో, జాతరలో తప్పిపోయినట్టే.

బుకింగ్ వరసలో చాలామంది బోర్లా పడతారు. విమానం టికెట్లు చవగ్గా కనబడ్డాయని ముందు అవి కొనేస్తారు, తరవాత పార్కులో ఆ తేదీకి చోటుండదు. టికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు, కొన్నిచోట్ల ఏ రోజు వస్తున్నావో విడిగా రిజర్వ్ చేసుకోవాలి. డిస్నీ వరల్డ్‌లో ఆ పద్ధతి 2024 జనవరి దాకా నడిచింది. కాబట్టి ముందు పార్కు తేదీ, ఆ తరవాత బస, చివర ప్రయాణం. మూడూ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొచ్చేవే తీసుకో, కాస్త ఎక్కువైనా సరే. హాంగ్‌కాంగ్ డిస్నీల్యాండ్ 2020 జూన్ 18న తెరిచి, నెల తిరక్కుండా జూలై 15న మళ్లీ మూసేసింది. సెప్టెంబర్‌లో తెరిచి డిసెంబర్‌లో ఇంకోసారి. ఆ మధ్యలో రద్దు కుదరని గదులు తీసుకున్నవాళ్ల గతి ఆలోచించు.

మీ దగ్గర మూసెయ్యకముందు కొన్న టికెట్లు రెండు ఉన్నాయని అన్నావు. వాటిని జేబులో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లకు. ఇప్పుడే వాళ్లకి రాసి, అవి చెల్లుతాయా, గడువు పొడిగించారా, కట్టిన మొత్తాన్ని కొత్త టికెట్లో సర్దుతారా అని అడుగు. జవాబు రాతలో ఉండాలి. ఫోన్లో ఎవరో "పర్లేదండీ" అన్నారంటే గేటు దగ్గర ఎవరూ వినరు. అలాగే పాత యాప్ తెరిచి లాగిన్ అయ్యి చూడు. పాస్‌వర్డ్ నీకు గుర్తుండదని నాకు తెలుసు. అందులో దాచిపెట్టిన కార్డు గడువు కూడా ఈలోపు అయిపోయి ఉంటుంది. మా పెద్దమ్మాయికి అదే జరిగింది. గేటు ముందు నిలబడి కొత్త కార్డు నంబరు కోసం బ్యాగంతా కుమ్మరించింది.

క్యూల గురించి కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకు. ఒక రోలర్ కోస్టర్ రెండు రైళ్లతో గంటకి 1,200 మందిని తిప్పుతుందనుకో. నీ ముందు 600 మంది ఉంటే అరగంటలో నీ వంతు వస్తుంది. తెరిచిన కొత్తలో మనుషులు చాలకో, రెండో రైలు మరమ్మతులోనో ఉండి ఒక్క రైలే నడిపితే, అదే క్యూ గంట అవుతుంది. క్యూ పొడవు చూసి "ఓస్, ఇంతేనా" అనుకోకు. కాసేపు నిలబడి స్టేషన్లోకి ఎన్ని రైళ్లు వచ్చిపోతున్నాయో చూడు, లేదా యాప్‌లో నిమిషాలు చూడు.

తెరిచే వేళకి ముప్పావుగంట ముందే గేటు దగ్గర ఉండాలి. ఈ ఒక్కటి పాటించినా సగం రోజు గెలిచినట్టే. మొదటి రెండు గంటల్లో ఎక్కినన్ని రైడ్లు మధ్యాహ్నం ఐదు గంటల్లో కూడా ఎక్కలేవు. అందరికీ కావాల్సిన పెద్దదాని దగ్గరికి నేరుగా వెళ్లు. అది ఆగిపోయి ఉంటే "ఇప్పుడే మొదలవుతుందేమో" అని అక్కడే కాచుకుని ఉండకు, రెండోదానికి కదులు. కానీ యాప్ మీద ఒక కన్నేసి ఉంచు. ఆగిన రైడ్ తిరిగి మొదలైన మొదటి పది నిమిషాలు క్యూ దాదాపు ఖాళీగా ఉంటుంది. ఆ పది నిమిషాల్ని పట్టుకోవడంలో నాకు చాలా పేరుంది, మా అల్లుణ్ణి అడుగు.

పిల్లల సంగతికొస్తే, ఈ మూత వల్ల నీకు ఒక లాభం, ఒక నష్టం. పెద్దాడు పోయినసారి రెండు వేళ్ల ఎత్తు తక్కువై వెనక్కి వచ్చేశాడు కదా. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఇప్పుడు వాడు గీత దాటి ఉండొచ్చు. పెద్ద రైడ్లకి సాధారణంగా 102 నుంచి 122 సెంటీమీటర్ల మధ్య ఎక్కడో ఒకచోట హద్దు ఉంటుంది, రైడ్‌ని బట్టి మారుతుంది. ఇంట్లోనే గోడకి ఆనించి చెప్పుల్లేకుండా కొలువు. హద్దుకి అర సెంటీమీటరు అటూఇటూగా ఉంటే వాడికి ఆశ పెట్టకు. అక్కడ కొలిచే అమ్మాయితో వాదించకు, తన పని పిల్లాడి ప్రాణం కాపాడటం. నష్టమేమిటంటే, చంటిది మూసేనాటికి రెండేళ్లది, ఇప్పుడు మూడు నిండాయి. చాలా పార్కుల్లో మూడేళ్ల లోపువాళ్లకే టికెట్ అక్కర్లేదు. బడ్జెట్లో దాని పేరు కూడా రాసుకో.

చంటిది ఎక్కలేని రైడ్ దగ్గర మీ ఇద్దరిలో ఒకరు త్యాగం చెయ్యక్కర్లేదు. రైడర్ స్వాప్ అనో, చైల్డ్ స్విచ్ అనో ఒక ఏర్పాటు ఉంటుంది. ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవాళ్లు పిల్లతో బయట ఉంటారు, ఆ తరవాత రెండోవాళ్లు మళ్లీ మొత్తం క్యూ నిలబడకుండా ఎక్కుతారు. కొన్నిచోట్ల పెద్దాడు రెండుసార్లు కూడా ఎక్కొచ్చు. క్యూలోకి వెళ్లకముందే వాకిట్లో ఉన్న సిబ్బందిని అడగాలి. అడగనివాళ్లకి వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మీ అమ్మ మోకాళ్ల గురించి నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. నాకు కోపం వచ్చింది. పెద్ద పార్కులో రోజుకి పదిహేను, ఇరవై వేల అడుగులు మామూలు. ఏడాదిగా ఇంటిపట్టున ఉన్న మనుషులం, మీ ఇద్దరికీ కూడా అంత నడక అలవాటు తప్పింది. ఇవాళ్టి నుంచే సాయంత్రాలు అందరూ నడవండి, మొదట అరగంట, తరవాత గంట. అక్కడ వేసుకోబోయే బూట్లతోనే నడవాలి. కొత్త బూట్లు కొని నేరుగా పార్కులో తొడుక్కోవడమంత తెలివితక్కువ పని లేదు, నేనే చేశాను, రెండు మడమలూ ఒలిచిపోయాయి. అమ్మకి అక్కడ గేటు దగ్గర వీల్‌ఛెయిర్ అద్దెకి దొరుకుతుంది, పొద్దున్నే అయిపోతాయి కాబట్టి లోపలికి వెళ్లగానే తీసుకో. తను "నాకెందుకురా, నేనేమైనా రోగిష్టిదాన్నా" అంటుంది. "నీకు కాదమ్మా, బ్యాగులు పెట్టడానికి" అని చెప్పు. పదకొండు గంటలకల్లా తనే కూర్చుంటుంది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా బయటికి వచ్చెయ్యండి. ఎండ ఎక్కువ, జనం ఎక్కువ, పిల్లలకి నిద్ర. గదికి వెళ్లి పడుకుని సాయంత్రం మళ్లీ రండి. ఒక్కరోజు టికెట్‌తో అన్నీ చూసెయ్యాలని కాకుండా రెండు రోజులు పెట్టుకుంటే ఇది కుదురుతుంది. భోజనం కూడా పదకొండున్నరకే కానిచ్చెయ్యండి. తెరిచిన కొత్తలో లోపలి హోటళ్లన్నీ ఒకేసారి తెరవరు, తెరిచిన నాలుగింటి మీదా అందరూ పడతారు. పవర్ బ్యాంక్ మరిచిపోకు. టికెట్, క్యూ, మ్యాప్ అన్నీ ఫోన్లోనే, మూడింటికల్లా బ్యాటరీ చచ్చిపోతుంది.

పిల్లలకి మాత్రం ఫలానా రైడ్ ఎక్కిస్తానని ఇప్పటినుంచి మాటివ్వకు. "వెళ్లాక నువ్వు ఎంచుకున్న మూడు చేద్దాం" అను చాలు. మా మనవడు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు, ఆ చెక్కల గోడ సంగతి ఇంకా నా మీద వేస్తూనే ఉంటాడు.

రేపు పొద్దున్న పెద్దాడి ఎత్తు కొలిచి నాకు మెసేజ్ పెట్టు, అమ్మకి ఇష్టమైన పరేడ్ ఎన్నింటికో కూడా కనుక్కో. తేదీలు ఖాయం చేసేముందు ఒకసారి ఫోన్ చెయ్యి. ఖాళీ ఉంటే నేనూ వస్తాను, బ్యాగుల పక్కన రెండో వీల్‌ఛెయిర్ కూడా రాసుకో.

ప్రేమతో,
మీ పిన్ని